విల్కీ కాలిన్స్ - మూన్‌స్టోన్ నవలయందలి కథకులు

ఆంగ్ల సాహిత్యమున అపరాధ పరిశోధక నవలకు ఆద్యులలో ఒకడుగా ఎన్నబడు విల్కీ కాలిన్స్ 1824 జనవరి 8వ తేదీన లండను నగరమున జన్మించెను. తండ్రి విలియం కాలిన్స్ ప్రకృతిదృశ్యములను చిత్రించుటలో పేరుగన్నవాడు, రాయల్ అకాడమీ సభ్యుడు. ఆయన మిత్రుడగు డేవిడ్ విల్కీ అను స్కాట్లండు చిత్రకారుడు శిశువునకు జ్ఞానతండ్రిగా నిలిచెను. విల్కీ అను పేరు అట్లు వచ్చినది. తమ్ముడు ఛార్లెస్ తండ్రి విద్యనే చేపట్టెను. పెద్దవాడు 1849లో అకాడమీ ప్రదర్శనమున ఒక చిత్రమును ఉంచెను గాని ఆ విద్యను వృత్తిగా గైకొనలేదు.

1836 మొదలు 1838 వఱకు ఈ కుటుంబము ఫ్రాన్సు, ఇటలీ దేశములందు సంచరించెను. తిరిగి వచ్చిన పిదప బాలుని హైబరీలోని ఒక వసతి పాఠశాలయందు చేర్చిరి. అచ్చటి శయనశాలలో పెద్ద విద్యార్థి ఒకడు రాత్రివేళ కథ చెప్పుమని ఈతనిని నిర్బంధించుచుండెను. చెప్పనిచో కొరడా, చెప్పినచో మిఠాయి. తనలోని కథనశక్తిని మేల్కొలిపినవాడు ఆ దుష్టుడే యని కాలిన్స్ తరువాతి కాలమున చెప్పుకొనెను. శుకసప్తతియందలి చిలుక యజమానురాలు గడప దాటకుండుటకు కథ చెప్పినది. ఈ బాలుడు దెబ్బ తప్పించుకొనుటకు చెప్పెను. ఈ పోలికను ఇంతకంటె సాగదీయ నక్కఱలేదు. అయినను, చెప్పువాడు ఎవడు, ఎవరి కొఱకు చెప్పుచున్నాడు, చెప్పకున్న అతనికి పోవునది ఏమి అను ప్రశ్నలు కాలిన్స్ ఉత్తమ నవలలందు కథాంశముతో సమానమైన బరువు కలిగి యుండుటకు బీజము ఇచ్చటనే పడినదనుట సాహసము కాదు.

1841లో తండ్రి ఈతనిని లండనులోని తేయాకు వర్తకుల కొలువున చేర్చెను. అచ్చట సుమారు ఐదేండ్లు గడచెను. లెక్కలు వ్రాయవలసిన బల్లపై కథలు వ్రాయబడెను. తాహితీ ద్వీపము రంగముగా వ్రాసిన తొలి నవల అయొలానీని ప్రకాశకులు 1845లో తిరస్కరించిరి. అది 1999 వఱకు అచ్చు కాలేదు. 1846లో లింకన్స్ ఇన్ అను న్యాయవిద్యాసంస్థయందు ప్రవేశించి 1851లో బారిష్టరు పట్టము పొందెను గాని ఒక్క వ్యాజ్యమునైనను వాదింపలేదు. న్యాయవాదిగా అతడు గడించినది శూన్యము. న్యాయస్థానము నుండి నవలాకారుడుగా గ్రహించినది మాత్రము అల్పము కాదు: సాక్షి తాను చూచినదే చెప్పవలెను, విన్నది చెప్పరాదు, ఊహించినది చెప్పరాదు. 1847లో తండ్రి మరణింపగా ఆయన దినచర్యలను, లేఖలను కూర్చి 1848లో రెండు సంపుటముల జీవితచరిత్రను ప్రకటించెను. అనగా అచ్చయిన ఈతని మొదటి గ్రంథము కల్పన కాదు, పత్రములను వరుసపెట్టి ఒక మనుష్యుని నిలబెట్టు ప్రయత్నము.

1851లో ఒక నాటక ప్రదర్శనము మూలమున ఛార్లెస్ డికెన్స్‌తో పరిచయము కలిగెను. డికెన్స్ ఈతనికంటె పండ్రెండేండ్లు పెద్ద. ఇరువురును కలసి ప్రయాణములు చేసిరి, నాటకములాడిరి, డికెన్స్ పత్రికలందు కలసి వ్రాసిరి. ఛార్లెస్ కాలిన్స్ 1860లో డికెన్స్ కుమార్తె కేట్‌ను వివాహమాడుటచే మైత్రి బాంధవ్యమయ్యెను. భారతదేశ పాఠకుడు మఱువరాని ఘట్టము ఒకటి ఈ సహవాసమున కలదు. 1857 తిరుగుబాటు వార్తలకు డికెన్స్ ఉగ్రుడై, ఆ సంవత్సరపు క్రిస్మసు సంచికకొఱకు ఆంగ్ల బందీల కష్టములను గూర్చిన కథ నొకదానిని ఏర్పఱచెను. అందొక భాగము కాలిన్స్ వ్రాసెను. కాని 1858 ఫిబ్రవరిలో అదే పత్రికయందు కాలిన్స్ ప్రకటించిన చిన్న రచన, సిపాయిలకు నీతి బోధింపదలచిన వారు బైబిలు దాక పోనక్కఱలేదనియు, మొగలాయి కాలపు తూర్పుదేశ కథయే చాలుననియు సూచించెను. దీనిని భారతపక్షపాత మనుట అతిశయోక్తి యగును. పరిపాలకుల కోపము పత్రికలన్నిటను నిండిన దినములలో మన కథాసంప్రదాయమున ధర్మము కలదని ఒప్పుకొనిన ఆంగ్ల రచయితలు తఱచుగా కానరారు. దాని విలువ అంతమాత్రమే.

1859 నవంబరు నుండి 1860 ఆగస్టు వఱకు డికెన్స్ పత్రికలో వెలువడిన ది ఉమన్ ఇన్ వైట్ ఈతనికి దేశదేశముల కీర్తి తెచ్చెను. దాని కథాబీజము 1856లో పారిసులో ఒక పాతపుస్తకముల అంగడిలో దొరకిన ఫ్రెంచి న్యాయనిర్ణయముల సంపుటిలోనిది. ఆ నవలను ఒక్క కథకుడు చెప్పడు. న్యాయస్థానమున సాక్షులు వరుసగా లేచినట్లు పాత్రలు వచ్చి తమ తమ వాఙ్మూలములు వ్రాసిపోవుదురు. ఇది మనకు పూర్తిగా క్రొత్త కాదు. దండి దశకుమారచరితమున, దానిని తెనిగించిన కేతన కావ్యమున, విడిపోయిన కుమారులు తిరిగి కలసి ఎవరి వృత్తాంతమును వారే చెప్పుదురు. పెదవులకు గాయమైన మంత్రగుప్తునిచేత దండి తన కథనంతయు నిరోష్ఠ్యముగా చెప్పించెను: చెప్పువాని శరీరస్థితి చెప్పబడిన భాషను మార్చివేసినది. కాని దండి కుమారులెవరును అబద్ధమాడువారుగా శంకింపబడరు. కాలిన్స్ కథకులలో ప్రతివాడును శంకింపదగినవాడే.

ఈ పద్ధతికి పరిణతరూపము 1868 జనవరి 4 నుండి ఆగస్టు 8 వఱకు 32 భాగములుగా వెలువడిన మూన్‌స్టోన్. ఆ పేరు మన కావ్యములందు వెన్నెలకు కరగు చంద్రకాంతశిలను స్ఫురింపజేయును గాని ఇది ఆ శిల కాదు, ఒక పసుపుపచ్చని వజ్రము. సోమనాథమున చంద్రదేవుని విగ్రహమున ఉండెననియు, గజనీ మహమూదు దండయాత్రనాడు కాశికి తరలింపబడెననియు, ఔరంగజేబు కాలమున అపహరింపబడి చేతులు మాఱి టిప్పుసుల్తాను బాకు పిడిని చేరెననియు కథ. సోమనాథుడు చంద్రుడు కాదు, చంద్రధరుడగు శివుడు. ఆ మణికి విష్ణువును రక్షకునిగా కల్పించుటయు మన సంప్రదాయమునకు చేరదు. కాలిన్స్ భారతదేశమును ఎన్నడును చూడలేదు. అతడు ఆధారముగా గైకొన్న రత్నములు రెండని నవల పీఠికయే చెప్పుచున్నది. ఒకటి రష్యా చక్రవర్తి రాజదండమునందలి వజ్రము. దానిని ఒక ఫ్రెంచి సైనికుడు శ్రీరంగమున విగ్రహము కంటి నుండి పెకలించెనని ప్రతీతి. రెండవది కోహినూరు. అది కృష్ణాతీరమున కొల్లూరు గనిలో పుట్టినదని మన ప్రాంతపు పరంపర. 1850లో అది విక్టోరియా రాణికి సమర్పింపబడెను, 1851 మహాప్రదర్శనమున లండను జనులు దానిని చూచుటకు గుమిగూడిరి. కాలిన్స్ తన కల్పిత వజ్రమును స్వస్థానమునకు చేర్చిన సంవత్సరమును 1850యే. నవల వెలువడునాటికి ఆంగ్ల పాఠకులలో వయసు వచ్చినవారు ఈ తేదీల కలయికను గమనింపకుండ ఉండుట కష్టము.

నవల 1799 మే 4న జరిగిన శ్రీరంగపట్టణ ముట్టడితో ప్రారంభమగును. ఆ దాడిలో హెర్న్‌కాజిల్ అను ఆంగ్ల సైనికాధికారి చేత రక్తమోడు బాకుతో, దివిటీతో నిలబడి యుండగా అతని పినతండ్రి కుమారుడు చూచును. కావలి యుండిన భారతీయులు నేలపై పడి యున్నారు. కాని చంపుట అతడు కన్నులార చూడలేదు. అందుచేత బహిరంగముగా నేరము మోపజాలక, కుటుంబ పత్రముగా వ్రాసి దాచును. కథ నడచునది దాదాపు అర్ధశతాబ్ది తరువాత. మేనమామ మరణశాసనముచేత ఆ వజ్రము 1848 జూన్ 21న యార్క్‌షైరులో రేచెల్ వెరిండరు అను యువతికి పుట్టిననాటి కానుకగా వచ్చును. ఆ రాత్రియే మాయమగును. గారడీవారి వేషమున ముగ్గురు బ్రాహ్మణులు ఆ పరిసరములనే తిరుగుచుందురు. ఒక సంవత్సరమునకు లండనులో థేమ్సు నది దాపున ఒక సత్రపు గదిలో నావికుని వేషమున ఉన్న పురుషుడొకడు ముఖముపై దిండు అదిమి చంపబడి కనబడును.

సామాన్య హత్యాకథలో హంతకుడెవడు అనునది ముఖ్యము. ఇచ్చట ఆ ప్రశ్నకు జవాబు సులభముగనే తెలియును. కాలిన్స్ శ్రమ అంతయు వేఱొక చోట ఉన్నది. నష్టపడిన వారి పేరు నిలుపుటకై జరిగినదంతయు వ్రాయింపవలెనని ఫ్రాంక్లిన్ బ్లేక్ అను యువకుడు సంకల్పించి, ఎవరికి ప్రత్యక్షముగా తెలిసినంత వారిచే వ్రాయించును. ముసలి గృహనిర్వాహకుడు బెటరెడ్జ్ రాబిన్సన్ క్రూసోను మనవారు శకునమునకు రామాయణము తెఱచినట్లు తెఱచుచు వ్రాయును. మిస్ క్లాక్ అను మతాభినివేశము గల బీద బంధువు, వ్రాతకు డబ్బు పుచ్చుకొనుచునే డబ్బును నిందించుచు వ్రాయును. ఆమె నడుమ నడుమ తన మతప్రచార పత్రములను చొప్పింపజూడగా బ్లేక్ అధస్సూచికలో నిరాకరించును. గ్రంథసంపాదకులకు ఈ ఘట్టము నవ్వు పుట్టింపకపోదు. ఇట్లు పత్రములన్నియు సేకరించుచున్న సంపాదకుడే, ఊబి ఒడ్డున దాచబడిన రాత్రి అంగీని వెలికిదీసి, రంగు అంటిన ఆ వస్త్రముపై తన పేరే చూచుకొనును. వజ్రమును తీసినవాడు అతడే. తీసినట్లు అతనికి తెలియదు. ఎవరో పరిహాసమునకు తెలియకుండ ఇచ్చిన నల్లమందు మత్తులో నడచి తీసెను. అతని చేతినుండి అందుకొని దాచుకొనినవాడు గాడ్‌ఫ్రే ఏబుల్‌వైట్ అను ధర్మకార్యముల పెద్దమనిషి. సత్రమున హతుడైనవాడును అతడే.

ఆ రాత్రి అంగీ కల్పన కాదు. 1860లో రోడ్ హిల్ గృహమున జరిగిన శిశుహత్యలో కనబడకపోయిన ఒక రాత్రి అంగీ నాధారముగా పరిశోధకాధికారి విచర్ ఆ యింటి కూతురు కాన్‌స్టన్స్ కెంటును అనుమానించి అపహాస్యము పాలయ్యెను. 1865లో ఆమె స్వయముగా ఒప్పుకొనెను. నవలలోని సార్జెంటు కఫ్ ఆ విచర్ ఛాయయే. అయితే కఫ్ మొదట పొరపడి, కథ నడుమనే గులాబీతోటకు వెడలిపోవును. హతుని పేరు చెప్పుటకు చివరను మరల వచ్చును. తరువాతి కాలపు పరిశోధక నవలలందు సర్వజ్ఞుడైన పరిశోధకుని చూచి అలవాటుపడిన పాఠకునకు ఇది లోపముగా తోచవచ్చును. చిక్కుముడి విప్పినవాడు పరిశోధకుడు కాక ఎజ్రా జెన్నింగ్స్ అను వైద్యసహాయకుడగుట ఈ నవలలోని గొప్ప నిర్ణయము. ఒక వలసరాజ్యమున పుట్టి, తల్లి జాతి చెప్పబడక, లోకముచే వెలివేయబడి, నొప్పికి నల్లమందు తినుచు బ్రదుకు వాడతడు. జ్వరప్రలాపమున వైద్యుడు క్యాండీ పలికిన తెగిపోయిన మాటలను కాగితముపై వ్రాసికొని, నడుమ ఖాళీలు విడిచి, ముందువెనుకల అన్వయమునుబట్టి ఆ ఖాళీలను పూరించును. గ్రంథపాతములు గల తాళపత్రప్రతిని పరిష్కరించువాని పని ఇదియే. పూరించినది నిజమేనని నిరూపించుటకు నల్లమందు ప్రయోగమును మరల జరిపించును. చనిపోవునప్పుడు మాత్రము మెదడును గూర్చి తాను వ్రాయుచుండిన గ్రంథమును, కాగితములను తనతో పాటు పూడ్పించుకొనును. అందఱి కథలు సాక్ష్యములై నిలువగా, వాటిని సాధ్యము చేసినవాని కథ మట్టిపాలైనది.

ఇంతమంది వ్రాసిన ఈ గ్రంథమున వ్రాయనివారు ఎవరని చూచినచో కాలిన్స్ ఉద్దేశము లోతు తెలియును. వజ్రమును తీయుట కంటితో చూచిన సాక్షి రేచెల్. ఆమెకు ప్రకరణము లేదు. దాసి రోజన్నా స్పియర్‌మన్ చనిపోయిన తరువాత గాని ఆమె లేఖ చదువబడదు. ఎవరి దేవాలయ ధనమో ఆ ముగ్గురు బ్రాహ్మణులకు ఒక్క పుట కూడ ఇయ్యబడలేదు. వారు చేసిన హత్య మనకు పరోక్షముగనే తెలియును, శ్రీరంగపట్టణమున ఆంగ్లేయుడు చేసిన హత్య తెలిసినట్లే. ఆ రెండింటికిని శిక్ష లేదు. మొదటిదానిని కుటుంబ మర్యాద కప్పిపుచ్చెను. రెండవదానికి కాలిన్స్ పాఠకుని మనస్సు న్యాయము తీర్చుకొనునట్లు విడిచెను. కాఠియావాడున వేలమంది యాత్రికుల నడుమ మణి దేవుని ఫాలమున తిరిగి వెలుగుట, కులభ్రష్టులైన ఆ ముగ్గురు ఒకరినొకరు మరల చూడకుండ మూడు దిక్కులకు యాత్రలు పోవుట మర్త్‌వైట్ అను ఆంగ్ల దేశాటకుడు వ్రాయును. చివరి దృశ్యము వారిదే, కలము మాత్రము పరునిది. కాలిన్స్ భారతీయుని చేతికి కలము ఇచ్చునంత దూరము పోలేదు. ఇయ్యకపోవుట కనబడునట్లు మాత్రము గ్రంథమును కట్టెను, ఆ కాలపు ఆంగ్ల నవలలందు ఇది సామాన్య విషయము కాదు.

ఈ నవల వ్రాయుచున్న నెలలు రచయితకు ఘోరమైనవి. గౌటు అను కీళ్లవాతము కన్నులదాక వ్యాపించి శయ్యకు కట్టివేసెను. నొప్పికి లాడనము, అనగా మద్యసారమున కలిపిన నల్లమందు, అతడు ఏండ్ల తరబడి సేవించుచుండెను. 1868 మార్చి 19న తల్లి మరణించెను. అంత్యక్రియలకు పోవుటకు శక్తి లేకపోయెను. పత్రికకు వారము వారము భాగము అందవలసియుండెను. నవ్వు పుట్టించు మిస్ క్లాక్ ప్రకరణము ఆ దుఃఖమున పుట్టినదే. నొప్పితో అరచుచు కథ చెప్పుచుండగా వ్రాతగాండ్రు భరింపలేక పోయిరనియు, ఒక యువతి మాత్రమే నిలిచెననియు, ముగింపు చదివికొనినప్పుడు అది తన రచనగా తోపలేదనియు ఆతని మాటలుగా ప్రచారమున ఉన్నవి. కాని న్యూయార్కులో మోర్గన్ గ్రంథాలయమున గల వ్రాతప్రతిలో పరుల చేవ్రాత కొద్ది పుటలందే కలదు, మిగిలినది ఆతనిదే. కథకుని వాఙ్మూలమును పత్రము ఖండించుచున్నది. అతడు అబద్ధమాడెనని తేల్చుటకంటె, మత్తులో తీసిన వజ్రమును ఎఱుగని ఫ్రాంక్లిన్ బ్లేక్ కథను తన జీవితమునకు అన్వయించుకొని చెప్పెననుట సమంజసము.

డికెన్స్ ఈ నవలను మొదట మెచ్చుకొనెను. 1868లోనే ఒక లేఖయందు దాని కూర్పు విసుగు కలిగించుచున్నదని వ్రాసెను. ఆయన 1870లో అసంపూర్తిగా విడిచిన ఎడ్విన్ డ్రూడ్‌లో నల్లమందును, హత్యాశంకయు కథకు కేంద్రములై యుండుట గమనింపదగినది. ఇరువదవ శతాబ్దమున టి. యస్. ఎలియట్ మూన్‌స్టోనును ఆంగ్ల పరిశోధక నవలలలో మొదటిదిగాను ఉత్తమమైనదిగాను ఎన్నిన పిదప విమర్శకుల దృష్టి దానిపై మరల ప్రసరించెను.

కాలిన్స్ వివాహమాడలేదు. కెరొలైన్ గ్రేవ్స్ అను స్త్రీతోను ఆమె కుమార్తెతోను ఒక యింట కాపురముండెను. 1868లో కెరొలైన్ వేఱొకనిని వివాహమాడి, కొంతకాలమునకు తిరిగి వచ్చెను. మార్తా రడ్ అను మఱియొక స్త్రీయందు ఆతనికి ముగ్గురు బిడ్డలు కలిగిరి. ఆ యింట ఆతని పేరు విలియం డాసన్. సమాజము ఒప్పుకొనని స్త్రీల పక్షమున ఈతడు తరువాత వ్రాసిన నవలలందు ఉద్దేశము కళను మింగివేసినదను విమర్శ న్యాయమైనదే. 1875నాటి ది లా అండ్ ది లేడీలో భర్త నిర్దోషిత్వమును నిరూపించుటకు భార్యయే పరిశోధనకు పూనుకొనుట ఒక్కటి మినహాయింపు. 1873-74లో అమెరికాలో తన కథలను సభలలో చదివి వినిపించెను. 1889లో జబ్బుపడి, పత్రికలో వెలువడుచుండిన బ్లైండ్ లవ్ నవలను పూర్తి చేయుమని వాల్టర్ బెసెంటును కోరెను. తాను సిద్ధపఱచిన కథాక్రమము ఎంత వివరముగా ఉండెననగా బెసెంటు దానిని అనుసరించియే ముగింపగలిగెను.

1889 సెప్టెంబరు 23న లండనులో విల్కీ కాలిన్స్ మరణించెను. ఆస్తిని రెండు కుటుంబములకు సమముగా పంచుచు మరణశాసనము వ్రాసియుండెను; లోకమునకు దాచిన బిడ్డలను అందు తన బిడ్డలని ఒప్పుకొనెను. కెన్సల్ గ్రీన్ శ్మశానవాటికలోని సమాధిపై ఆతడు కోరినట్లు ది ఉమన్ ఇన్ వైట్ గ్రంథకర్త యని చెక్కబడినది. 1895లో కెరొలైనును ఆ సమాధియందే ఉంచిరి. ఆమె పేరు ఆ రాతిపై లేదు.